హింస ఎవరి చేతిలో ఉంది? ఒక సైబీరియా వేటగాడు, నా పట్టుపంచె



ఈ పోస్ట్ రెండు వారాల కిందటే రావాల్సింది. అహింస మీద మనం చేసిన వీడియోకి కొనసాగింపు రాస్తానని అప్పుడు మాటిచ్చాను. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఒక మెసేజ్ అడ్డం పడింది. ముందు ఆ మెసేజ్ సంగతి చెప్పి, తర్వాత ఒక సినిమా సంగతి చెప్తాను. రెండింటికీ సంబంధం ఉందని మొదట నాకే తెలియలేదు.

ఆ వీడియోలో నేను కాస్త ఊపు మీద ఉండి ఒక మాట అన్నాను. చేతికి రక్తం అంటినవాడు పువ్వు పెడితే దేవుడు ఎలా తీసుకుంటాడు, అని. చాలామందికి ఆ మాట తెగ నచ్చింది. ఆ ముక్క కత్తిరించి స్టేటస్‌లు కూడా పెట్టుకున్నారు. నాకూ సంతోషమేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మూడో రోజు ఒక కుర్రాడు రాశాడు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరమట.

"అన్నా, మేం ఆరె కటికోళ్లం. మా నాన్నది మటన్ షాపు. పొద్దుగాల నాలుగింటికి లేచి తానం చేసి పోచమ్మ తల్లికి దీపం పెట్టి షాపుకు పోతడు. కార్తీక సోమవారం షాపు బంద్ పెడతడు, గిరాకీ పోయినా సరే. మీ వీడియో ఇంట్ల అందరం కూసొని చూసినం. ఆ మాట కాడ నాన్న లేచి బయటికి పోయిండు. మా నాన్న పెట్టే పువ్వు దేవుడికి వద్దా అన్నా?"

నేను వెంటనే టైప్ చేశాను. "బాధపడకు తమ్ముడూ, ఎవరి ధర్మం వాళ్లది" అని. పంపే ముందు ఒకసారి చదువుకుని చెరిపేశాను. తప్పించుకోవడానికి మనం వాడే మాటల్లో అదొకటి. ఆ మాట నిజంగా నమ్మేవాడినైతే వీడియోలో ఆ ముక్క అనేవాడినే కాదు కదా.

ఇక సినిమా. మీలో చాలామంది నాకు తరచూ రాసే ఇంకో విషయం ఉంది. "ఈ ట్రాఫిక్, ఈ ఈఎంఐలు, ఈ ఆఫీసు వద్దండీ, ఎక్కడికైనా అడవికి పోయి కల్తీ లేకుండా బతకాలని ఉంది, అది వానప్రస్థం కిందికి వస్తుందా?" అని. నాక్కూడా అలా అనిపించే రోజులు ఉంటాయి. అలాంటి ఒక రాత్రి, మనసు బాగోక, అడవిలో బతికేవాళ్ల మీద ఏదైనా డాక్యుమెంటరీ చూద్దామని వెతికితే ఇది దొరికింది. పేరు 'హ్యాపీ పీపుల్: ఎ ఇయర్ ఇన్ ది టైగా'. 2010లో వచ్చింది. దిమిత్రీ వాస్యుకోవ్ అనే రష్యన్ దర్శకుడు ఏడాది పొడవునా తీసిన నాలుగు గంటల చిత్రాన్ని జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ చూసి, ముచ్చటపడి, గంటన్నరకి కుదించి తన గొంతుతో వ్యాఖ్యానం చెప్పాడు. తమాషా ఏంటంటే, హెర్జోగ్ ఈ సినిమా కోసం సైబీరియా వెళ్లనే లేదు.

టైగా అంటే ఉత్తరాన మంచు ప్రాంతాల్లో పరుచుకున్న మహారణ్యం. అందులో యెనిసెయ్ అనే పెద్ద నది ఒడ్డున బాఖ్తియా అని ఒక ఊరు. మూడొందల మంది ఉంటారంతే. హెలికాప్టర్‌లో వెళ్లాలి, లేదా నది గడ్డకట్టని నెలల్లో పడవ మీద వెళ్లాలి. ఆ ఊళ్లో మగవాళ్లలో చాలామంది పని వేట. చలికాలం అంతా ఒక్కొక్కరూ ఒంటరిగా అడవిలో ఉండి సేబుల్ అనే జంతువుకి ఉచ్చులు పెడతారు. సేబుల్ పిల్లి కంటే చిన్నది, చూడ్డానికి మన ముంగిసకి దగ్గర చుట్టంలా ఉంటుంది. దాని బొచ్చు ప్రపంచంలో ఖరీదైన బొచ్చుల్లో ఒకటి.

మొదటి గంట నేను నోరు తెరుచుకుని చూశాను. ఒక మనిషి అడవిలో తిరిగి తిరిగి ఒక చెట్టు ఎంచుకుంటాడు. దాన్ని కొట్టి, మేకుల్లాంటి చెక్కముక్కలు దిగగొట్టి పొడవునా చీలుస్తాడు. గొడ్డలి ఒక్కటే పెట్టి చెక్కి, వేడి చేసి వంచి, మంచు మీద జారుతూ నడిచే స్కీలు తయారు చేస్తాడు. ఇంకొకరు ఒకే మాను తొలిచి పడవ చేస్తారు. వేసవిలో దోమలు మేఘాల్లా కమ్ముకుంటాయి. బర్చ్ చెట్టు బెరడు కాల్చి తారు తీసి ఒంటికి పూసుకుంటారు, కుక్కలకీ పూస్తారు. ఆ కొద్ది వేసవిలోనే కూరగాయలు పండించుకోవాలి, చేపలు పట్టి నిల్వ చేసుకోవాలి. శరదృతువు రాగానే పడవ నిండా సామాను వేసుకుని, రాళ్ల మధ్య నీటికి ఎదురెక్కుతూ తమ గుడిసెలకి చేరతారు. ఒక పెద్ద గుడిసె, అక్కడి నుంచి నడక దూరంలో ఇంకొన్ని చిన్న గుడిసెలు. మంచు పడేలోపు అన్నీ బాగు చేసుకోవాలి, ఎలుగుబంటికి అందకుండా తిండి దాచుకోవాలి. ఒక పని మర్చిపోతే తర్వాత సరిదిద్దుకునే వీలుండదు. చలి మైనస్ యాభై డిగ్రీల దాకా పోతుంది.

మధ్యలో ఒక కుక్క. సంవత్సరాంతపు పండక్కి వేటగాడు స్నోమొబైల్ మీద ఇంటికి బయల్దేరతాడు. కుక్క వెనకాల పరిగెడుతూనే ఉంటుంది, నూట యాభై కిలోమీటర్లు. నాకు మహాప్రస్థానిక పర్వం గుర్తొచ్చింది. తమ్ముళ్లు, ద్రౌపది ఒక్కొక్కరే పడిపోయాక ఉత్తర దిక్కుగా ధర్మరాజు నడుస్తుంటే వెంట మిగిలింది కుక్కే కదా. ఈ సినిమాలో గెన్నాడీ సొలొవ్యోవ్ అనే పెద్ద వేటగాడు, తనని కాపాడబోయి ఎలుగుబంటి చేతిలో చచ్చిపోయిన తన కుక్క సంగతి చెప్తుంటే అతని కళ్లల్లో నీళ్లు. నాకూ ఆగలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఉచ్చు చూపిస్తాడు.

అందులో పెద్ద యంత్రమేమీ లేదు. ఒక బరువైన దుంగ, దాన్ని సన్నటి పుల్ల మీద నిలబెట్టడం, కింద ఎర. జంతువు ఎరని కదిలిస్తే పుల్ల జారుతుంది, దుంగ మీద పడుతుంది. తాతల కాలం నుంచి వస్తున్న పద్ధతి. గెన్నాడీ దాన్ని ఎంత శ్రద్ధగా చేస్తాడంటే, మా తాతగారు వినాయక చవితికి పాలవెల్లి కట్టేటప్పుడు ఉండే శ్రద్ధ అది. అక్కడ నేను సినిమా ఆపేశాను. గంటసేపు ఈ మనిషిని చూసి "ఆహా, ఇదీ బతుకంటే" అనుకున్నాను. ఆ మనిషి బతుకంతా ఈ పుల్ల మీద నిలబడి ఉంది. ఈ చేతికి కూడా రక్తం అంటింది. మరి నేను వీడియోలో అన్న మాట ఇతనికి వర్తిస్తుందా? ఇతనికి వర్తించదు అనాలనిపించింది. ఆ వెంటనే ఆ కుర్రాడి నాన్న గుర్తొచ్చారు. సైబీరియా వేటగాడికి ఇచ్చిన మినహాయింపు మన బస్తీలో మటన్ కొట్టు ఆయనకి ఎందుకివ్వలేదు నేను? అతని వెనక మంచు, నది, మంచి సంగీతం ఉన్నాయి. ఈయన వెనక ట్యూబ్‌లైటు, ఈగలు ఉన్నాయి. అంతేనా తేడా?

మర్నాడు మిగతా సినిమా చూశాను. అప్పుడు నాకు పట్టుకున్న విషయం వేరు. గెన్నాడీ చాలాసార్లు ఒకే దాని గురించి మాట్లాడతాడు. అత్యాశ. అతనికి అత్యాశపరులంటే అసహ్యం. కాలం రాకముందే, బొచ్చు పక్వానికి రాకముందే పట్టేసే వేటగాళ్లంటే అతనికి కోపం. అడవిని ఖాళీ చేసేవాడు అతని దృష్టిలో వేటగాడే కాదు. అతనికి శాస్త్రం తెలియదు, మన దేవుళ్లు తెలియరు. కానీ చంపడానికి ఒక హద్దు ఉండాలని, ఆ హద్దు దాటితే మనిషి మనిషిగా మిగలడని తెలుసు. ఆ హద్దు అతనికి ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. దుంగ ఎత్తి చూసేది అతనే కాబట్టి అతనికి తెలుసు.

ఇక్కడ ఒక విషయం చెప్పకపోతే తప్పవుతుంది. సినిమా పేరులో ఉన్న 'హ్యాపీ' మాటని నేను పూర్తిగా ఒప్పుకోను. ఆడవాళ్లు ఇందులో మాట్లాడింది బహు తక్కువ. నెలల తరబడి ఇల్లు, పిల్లలు, చలి, అన్నీ వాళ్ల మీదే ఉంటాయి. వాళ్లు హ్యాపీయో కాదో ఎవరూ అడగలేదు. ఆ నేల అసలు యజమానులు కెట్ అనే ఆదివాసులు. సినిమాలో వాళ్లు పడవల్లో సామాన్లు దించే కూలిపనులు చేస్తూ, తాగుడుకి బలైపోతూ కనిపిస్తారు. రష్యా సైబీరియాలోకి వచ్చిందే బొచ్చు కోసం. ఆదివాసుల దగ్గర పన్ను కూడా బొచ్చు రూపంలోనే వసూలు చేశారు. వందల ఏళ్లు అలా వేటాడితే సేబుల్ ఎంత తగ్గిపోయిందంటే, దాన్ని కాపాడటానికే 1917 జనవరిలో బైకాల్ సరస్సు పక్కన బర్గుజిన్ అభయారణ్యం ఏర్పాటు చేయాల్సి వచ్చింది. గెన్నాడీలాంటి వాళ్ల నిగ్రహానికి ముందు ఆ చరిత్ర అంతా ఉంది.

ఇంకోటి. "అడవిలో అన్నీ సొంతంగా" అనేది మనం అనుకున్నంత సొంతం కాదు. గెన్నాడీకి స్నోమొబైల్ ఉంది, దానికి పెట్రోలు కావాలి, పెట్రోలుకి డబ్బు కావాలి, డబ్బు బొచ్చు నుంచి రావాలి. మీలో కొందరు అలాస్కా వాళ్ల వీడియోలు పంపిస్తుంటారు, ముఖ్యంగా రిచర్డ్ ప్రెన్నెకీది. ఆయన 1968లో, యాభై దాటాక, ట్విన్ లేక్స్ అనే సరస్సుల ఒడ్డుకి వెళ్లి సొంత చేతులతో దుంగల ఇల్లు కట్టుకుని, అదంతా తనే కెమెరాలో తీసుకున్నాడు. యాభై దాటాక అడవికి వెళ్లడం అంటే మన వానప్రస్థం వయసే! సుమారు ముప్పై ఏళ్లు అక్కడ ఉన్నాడు. మహా మనిషి, సందేహం లేదు. కానీ ఆయనకి కూడా చిన్న విమానంలో స్నేహితుడు సరుకులు, ఉత్తరాలు తెచ్చి ఇచ్చేవాడు. తప్పు పట్టడానికి చెప్పట్లేదు. చివరి ఊరు దాటి వెళ్లినవాడికి కూడా ఎక్కడో ఒక దారం ఇంకో మనిషికి కట్టి ఉంటుంది అని చెప్తున్నాను. మనకైతే వేల దారాలు.

ఆ దారాల్లో ఒకటి ఆ శుక్రవారమే నా చేతికి తగిలింది.

శుక్రవారం పూజకి నేను పట్టుపంచె కట్టుకుంటాను. మా ఇంట్లో మడి అంటే పట్టే. చిన్నప్పటి నుంచి అలవాటు, మా అమ్మకైతే పట్టు లేకుండా నైవేద్యం వండటం ఊహకే రాదు. ఆ రోజు మడత విప్పుతుంటే చెయ్యి ఆగింది. పట్టు ఎలా వస్తుందో నాకు తెలియక కాదు, స్కూల్లో చదువుకున్నాం. పురుగు తన చుట్టూ గూడు అల్లుకుంటుంది. ఆ గూడు చీల్చుకుని చిలుక బయటికొస్తే దారం తెగిపోతుంది. అందుకని అది బయటికి రాకముందే గూళ్లని వేడి చేస్తారు, మరిగే నీళ్లలో వేసి దారం తీస్తారు. ఒక పట్టుచీరకి వేల గూళ్లు కావాలి. మా అమ్మ బీరువాలో ఎన్ని చీరలున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేశాను. గెన్నాడీ ఒక చలికాలం అంతా ఉచ్చులు పెట్టినా, మా ఇంట్లో ఒక్క పెళ్లికి పోయిన ప్రాణాల లెక్కకి దగ్గరికి కూడా రాడు. పురుగు ప్రాణం, జంతువు ప్రాణం ఒకటేనా అని మీరు అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కానీ నేను కెమెరా ముందు కూర్చుని రక్తం అంటిన చెయ్యి గురించి మాట్లాడినప్పుడు కట్టుకున్నది ఆ పంచే.

నా చేతికి ఎందుకు అంటలేదు? ఎవరో నా కోసం నీళ్లు మరిగించారు కాబట్టి. వాళ్ల వేళ్లు రోజంతా ఆ వేడి నీళ్లలో నానతాయి. నా వేళ్లకి చందనం ఉంది.

అప్పుడు పుస్తకాలు తీశాను. మనుస్మృతిలో చాలా మాటలతో ఈ కాలంలో మనకి పేచీ ఉంది, ఉండాలి కూడా. కానీ ఐదో అధ్యాయంలో ఒక శ్లోకం ఈ విషయంలో ఎంత నిక్కచ్చిగా ఉందో చూడండి. ఒక జంతువు చావులో ఘాతకులు ఎవరెవరు అంటే, సరే అని అనుమతించినవాడు, చంపినవాడు, కోసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, అందరూ అంటుంది. కత్తి పట్టినవాడిని ఒక్కణ్నే వేరు చేసి నిలబెట్టలేదు. దండ మొత్తాన్ని లాగింది. వీడియోలో నేను చేసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఎనిమిది మంది మీద ఉన్న బరువుని ఒక్కడి నెత్తిన పెట్టి, మిగతా ఏడుగురి చేత చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ స్టేటస్‌లు పెట్టుకున్నవాళ్లలో ఆదివారం బిర్యానీ తినేవాళ్లు ఎంతమందో నాకు తెలియదు, అడగను కూడా.

మూడో అధ్యాయంలో ఇంకా దగ్గరికి వస్తుంది. ప్రతి గృహస్థు ఇంట్లో ఐదు కసాయి కొట్లు ఉన్నాయంటుంది. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు-రోకలి, నీళ్ల కుండ. శాకాహారి ఇల్లయినా సరే. చీపురు తిప్పితే చీమలు, పొయ్యి వెలిగిస్తే పురుగులు. అందుకే రోజూ ఐదు యజ్ఞాలు పెట్టారు. చదువు, పితృదేవతలకి తర్పణం, దేవతలకి హోమం, జీవులకి బలి అన్నం, అతిథికి భోజనం. నేను ఇన్నాళ్లూ వీటిని పుణ్యం సంపాదించే పనులు అనుకున్నాను. అవి అప్పు తీర్చే పనులట. కాకికి పెట్టే ముద్ద మన దయ కాదు, మన బాకీ.

తర్వాత వ్యాధగీత. ఇది తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. అరణ్యపర్వంలో మార్కండేయ మహర్షి ధర్మరాజుకి చెప్పిన కథ. కౌశికుడు అనే బ్రాహ్మణుడు చెట్టు కింద వేదం చదువుకుంటుంటే పైనుంచి కొంగ రెట్ట వేసింది. కోపంగా చూశాడు, కొంగ చచ్చి కిందపడింది. తర్వాత భిక్షకి ఒక ఇంటికి వెళ్తే, ఆ ఇల్లాలు భర్తకి వడ్డిస్తూ ఆలస్యం చేసింది. ఈయన కళ్లెర్రజేశాడు. ఆవిడ తొణక్కుండా, నేను ఆ కొంగని కాను స్వామీ, అని, ధర్మం తెలియాలంటే మిథిలకి వెళ్లి ధర్మవ్యాధుణ్ని అడగమంది. వెళ్లి చూస్తే ఆ గురువు మాంసం కొట్లో కూర్చుని ఉన్నాడు.

ఈ కథ నేను కనీసం పదిసార్లు చెప్పి ఉంటాను. ప్రతిసారీ "వృత్తి ఏదైనా భక్తి ముఖ్యం" అని ముగించేసేవాణ్ని. ఈసారి నెమ్మదిగా చదివితే, చప్పున ముగించడానికి వీల్లేని మాటలు కనిపించాయి. ధర్మవ్యాధుడు తనని తాను వెనకేసుకురాడు. తన పని ఘోరమైనదనే ఒప్పుకుంటాడు. ఇది పూర్వకర్మ వల్ల వచ్చిందంటాడు. తను స్వయంగా చంపనని, వేరేవాళ్లు చంపినదాన్ని అమ్ముతానని, మాంసం తిననని చెప్తాడు. ఆ తర్వాత కౌశికుడి వైపు తిరుగుతాడు, అదీ అసలు దెబ్బ. వ్యవసాయం మంచిదంటారు కదా, నాగలి కింద ఎన్ని ప్రాణాలు పోతాయో చూశావా? ధాన్యపు గింజలో ప్రాణం లేదా? నడిచేవాడి పాదం కింద ఏమవుతోంది? హింస చేయనివాడు ఈ లోకంలో ఎవడు? అహింసా వ్రతం పట్టిన యతులు కూడా హింస చేస్తూనే ఉంటారు, కాకపోతే వాళ్ల ప్రయత్నం వల్ల అది తగ్గుతుంది, అంటాడు.

"ప్రయత్నం వల్ల తగ్గుతుంది." నా సొంత మాటల్లో చెప్పాను కానీ, సారం అదే. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే ఇక్కడే జారిపోయే ప్రమాదం ఉంది. "అందరూ హింసే చేస్తున్నారు కాబట్టి ఏదైనా ఒకటే" అని మీలో ఎవరైనా అనుకుంటే అది ధర్మవ్యాధుడి మాట కాదు, మన బద్ధకం మాట. ఆయన సున్నా సాధ్యం కాదన్నాడు, లెక్క వదిలెయ్యమనలేదు. శాకాహారం ఆ తగ్గించే ప్రయత్నాల్లో ఒకటి, నేను దాన్ని వదలను, మీలో వీలైనవాళ్లకి ఇప్పటికీ చెప్తాను. కానీ తగ్గించడం అంటే నా దగ్గర తగ్గించడం. నా దగ్గర నుంచి కనిపించనంత దూరానికి జరపడం కాదు. ఈ రెండింటికీ తేడా నాకు ఆ సినిమా చూసేదాకా తెలియలేదు. నగరంలో మనం చేసేది చాలావరకు రెండోది. నా వేలు ఫోన్ మీద పడితే ఎక్కడో ఒక దుంగ పడుతుంది, కానీ ఆ దుంగ ఎత్తి చూసే పని నాకు లేదు. అందుకే ఎంత చాలు అనే ప్రశ్న కూడా నాకు రాదు. గెన్నాడీకి వస్తుంది. మటన్ కొట్టు ఆయనకి రోజూ వస్తుందేమో. సోమవారం గిరాకీ పోయినా కొట్టు మూయడం అంటే అదే కదా, ఒక హద్దు. ఆ హద్దు వల్ల ఆయనకి డబ్బు పోతుంది. నేను పెట్టుకున్న హద్దుల్లో నాకు నష్టం తెచ్చేది ఏముందా అని ఆలోచిస్తే వెంటనే ఏదీ తట్టలేదు.

పాల గురించి, అభిషేకాల గురించి, దూడల గురించి కూడా ఇదే పద్ధతిలో ఆలోచించాలి. అది ఇంకో పోస్ట్, ఇంకా కష్టమైన పోస్ట్. తప్పించుకోవట్లేదు.

పట్టు విషయం మీలో కొందరు అడుగుతారని తెలుసు. హైదరాబాద్‌లోనే కుసుమ రాజయ్య గారు అనే ఆయన చిలుక బయటికొచ్చాక మిగిలిన గూళ్లతో దారం తీసి 'అహింసా పట్టు' నేయించారు, పేటెంట్ కూడా తీసుకున్నారు. ఆ దారం ముక్కలుగా తెగి ఉంటుంది కాబట్టి దూదిలా వడకాలి, మామూలు పట్టులా తళతళ మెరవదు, ధర ఎక్కువ. మంచి ప్రయత్నం. దాంతో లెక్క పూర్తయిపోదని కూడా తెలుసుకున్నాను. వేల ఏళ్లు మనిషి పెంపకంలో ఉండి ఆ చిలుకలు ఎగరడం మర్చిపోయాయి, బయటికొచ్చినా కొద్ది రోజులే బతుకు. మా అమ్మకి ఇదంతా చెప్పాను. విని, "మడికి నూలు కూడా పనికొస్తుందిరా, ఉతికి ఎవరూ ముట్టకుండా ఆరేస్తే చాలు, మా అమ్మమ్మ అలాగే కట్టుకునేది" అంది. ఇంత చిన్న విషయం ఇన్నేళ్లూ నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. పోయిన శుక్రవారం నూలుపంచెతో పూజ చేశాను. బీరువాలో ఉన్న పట్టు ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. పారేస్తే పోయిన ప్రాణాలు తిరిగిరావు, కట్టుకుంటే మనసు ఒప్పట్లేదు.

పువ్వు ప్రశ్న మిగిలింది. దానికి జవాబు వెతకాల్సిన పనే లేదు, శ్రీకాళహస్తిలో ఉంది. తిన్నడు బోయవాడు. వేటాడిన మాంసం తెచ్చి, రుచి చూసి మరీ, శివుడికి పెట్టాడు. నోటితో తెచ్చిన నీళ్లతో అభిషేకం చేశాడు. పూజారికి ఒళ్లు మండింది. శివుడికి మండలేదు. కన్ను పెరికి ఇచ్చినప్పుడు ఆయనే ఆపాడు, కన్నప్ప అయ్యాడు. కాళహస్తిలో ఇప్పటికీ కొండ మీద కన్నప్పకి గుడి ఉంది. నేను ఆ మెట్లెక్కి దండం పెట్టుకుని వచ్చినవాణ్నే. ఆ కథ గురించి మన ఛానల్లో రెండు వీడియోలు ఉన్నాయి. అయినా ఆ రోజు కెమెరా ముందు ఆ మాట నా నోట్లో నుంచి ఎలా వచ్చిందో నాకు అర్థం కావట్లేదు. కథలో పూజారి పాత్ర నాకు ఇంత బాగా కుదురుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

అహింస వీడియోలోంచి ఆ ముక్క తీసేశాం. తీసేశామని కింద రాశాం కూడా, ఎందుకో కూడా రాశాం. ఆ క్లిప్ స్టేటస్‌గా పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి తీసెయ్యండి.

ఆ తమ్ముడికి మొన్న రాత్రి రాశాను. పెద్దగా ఏం రాయలేదు. "తమ్ముడూ, నేనన్న మాట తప్పు. శాస్త్రం కూడా అలా అనలేదు. మీ నాన్నగారి పువ్వు గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. నా తరఫున ఆయనకి క్షమాపణ చెప్పు, ఆయనకి ఇష్టమైతే నేనే ఫోన్ చేసి చెప్తాను" అని. ఇంకో మాట కూడా అడిగాను. సోమవారం నుంచి మనం వ్యాధగీత సిరీస్ మొదలుపెడుతున్నాం, ధర్మవ్యాధుడి కొట్టు ఎలా ఉండేదో చెప్పాలంటే నాకు ఒక్క మటన్ కొట్టు లోపల కూడా ఎప్పుడూ నిలబడిన అనుభవం లేదు, మీ నాన్నగారు ఒప్పుకుంటే ఒక ఉదయం వచ్చి చూస్తాను, కెమెరా తీసుకురాను, అని.

నిన్న పొద్దున నాలుగున్నరకి జవాబు వచ్చింది. "నాన్నకు సదివి ఇనిపించిన అన్నా. ఏం అనలే. షాపుకు పోయేటప్పుడు మాత్రం, ఆదివారం రావద్దను, గిరాకీ మస్తుంటది, మాట్లాడనీకి తీరిక ఉండదు, బుధవారం రమ్మను అన్నడు."

బుధవారం వెళ్తున్నాను.

జై శ్రీరామ్.